తేజ ఎవరని న్యూయార్క్ అడిగింది

(గుంటూరులోని ఒక డిగ్రీ కళాశాల కామర్స్ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులు ప్రిన్సిపాల్ గారికి, మూడుసార్లు ఫోన్ చేసి నన్ను ఇక్కడికి లాక్కొచ్చిన కామర్స్ మేడమ్ గారికి, వేదిక మీది పెద్దలకు, ముందు వరుసలో కూర్చున్న నా పాత సహోద్యోగులకు, వెనక వరుసల్లో ఫోన్లు చూసుకుంటున్న పిల్లలకు నమస్కారం.

మేడమ్ గారు నన్ను పరిచయం చేస్తూ ‘అంతర్జాతీయ ఆర్థిక నిపుణులు’ అన్నారు. కాదమ్మా. నేను బ్యాంకులో గుమాస్తాగా చేరి, చివరి పన్నెండేళ్లు ఫారిన్ ఎక్స్చేంజ్ సీట్లో కూర్చుని రిటైరైనవాణ్ని. అంతర్జాతీయం అంటే నాకు నా టేబుల్ మీదికి వచ్చిన కాగితాలే. పాస్‌పోర్టులో ఉన్నది ఒకే ఒక్క ముద్ర, మా అమ్మాయి పురిటికి న్యూజెర్సీ వెళ్లినప్పటిది.

ఇక ఈ ఫ్లెక్సీ. ‘డాలర్ పతనం – రూపాయి ప్రభంజనం’ అని రాశారు. డబ్బు పెట్టి వేయించారు కాబట్టి దాన్ని చింపమని అనను. కానీ దాని కింద నిలబడి మాట్లాడాలంటే నాకు ఇబ్బందిగా ఉంది. ప్రపంచ కేంద్ర బ్యాంకులు దాచుకున్న విదేశీ నిల్వల్లో డాలర్ వాటా 1999లో సుమారు 71 శాతం. 2024 నాటికి 58 దరిదాపుల్లో ఉంది. పాతికేళ్లకి అంత తగ్గింది. దీన్ని పతనం అనరు, అరుగుదల అంటారు. కరెన్సీల మారకం చూస్తే, 2022 లెక్క ప్రకారం ప్రతి 100 లావాదేవీల్లో 88 ఇంటికి ఒక పక్క డాలరే ఉంది. వెయ్యి మంది ఉన్న ఊళ్లో ఒకాయన ఇంటి వాకిట్లోంచే అందరూ నడవాల్సి వస్తే, ఆ ఇంటికి వెల్ల వెలిసిపోయిందని చెప్పుకుని మనం సంతోషిస్తున్నాం.

అంకెలు ఆపేస్తాను. తేజ సంగతి చెబుతాను. ముందు వరుసలో మా వాళ్లు అప్పుడే నవ్వుతున్నారు, వాళ్లు ఈ కథ ఎన్నోసార్లు విన్నారు. మళ్లీ వినక తప్పదు.

2013. మన మిర్చి యార్డులో సరుకు కొని బయటి దేశాలకు పంపే వ్యాపారి ఒకాయన. పెద్ద ఎక్స్‌పోర్టరేం కాదు, ఏడాదికి కొన్ని కంటైనర్లు. తొడిమ తీసిన తేజ రకం ఒక కంటైనర్ మలేసియాకు పంపాడు. చెన్నైలో ఓడ ఎక్కింది, పోర్ట్ క్లాంగ్‌లో దిగింది. అక్కడి వ్యాపారి సరుకు చూసుకుని డబ్బు కట్టేశాడు, కట్టినట్టు బ్యాంకుకూ బ్యాంకుకూ మధ్య నడిచే స్విఫ్ట్ మెసేజ్ కాపీ కూడా పంపాడు. ఇక్కడ మాకు డబ్బు రాలేదు.

రోజూ పదకొండింటికల్లా ఈయన హెల్మెట్ చేత్తో పట్టుకుని నా ముందు కూర్చునేవాడు. “సార్, వచ్చిందా?” “రాలేదండీ.” “యార్డులో కమీషన్ ఏజెంటు ఫోన్ మీద ఫోను సార్.” నేను టీ తెప్పించేవాణ్ని. అంతకంటే నా చేతుల్లో ఏమీ లేదు. సరుకు కొనడానికి ఆయన తీసుకున్న ప్యాకింగ్ క్రెడిట్ అప్పు మీద వడ్డీ మాత్రం ఏ టెన్షనూ లేకుండా పెరిగేది.

పంతొమ్మిదో రోజున న్యూయార్క్ బ్యాంకు నుంచి, మా ముంబయి బ్రాంచి మీదుగా, ఒక ప్రశ్న వచ్చింది. ఇన్‌వాయిస్‌లో ‘తేజ’ అనే పేరు కనబడుతోంది. ఈ తేజ ఎవరు? ఈ లావాదేవీలో అతని పాత్ర ఏమిటి? అతని పూర్తి పేరు, పుట్టిన తేదీ, పౌరసత్వం తెలియజేయండి.

నవ్వండి, నవ్వండి. ఆ రోజు మేమూ నవ్వాం. ఆయన నవ్వలేదు. హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని, “సార్, తేజ అంటే మిరపకాయ అని రాయండి సార్” అన్నాడు, ఏడుపు ఒక్కటే తక్కువ. నేను జవాబు రాశాను: తేజ అనేది ఒక మిరప రకం, దానికి పుట్టిన తేదీ లేదు, కోత మాత్రం జనవరి నుంచి మొదలవుతుంది. రెండో ముక్క మా మేనేజరు కొట్టేశాడు. మళ్లీ ఇంకో ప్రశ్న: మరి పక్కనున్న ఎస్ 17 ఏమిటి, ఏదన్నా మోడల్ నంబరా? అది కూడా ఆ మిరపకాయ పేరేనండీ అని రాశాం. ఇరవై మూడో రోజుకి డబ్బు పడింది.

పిల్లలూ, మీకు నేను చెప్పదలుచుకున్నది సగం ఇందులోనే ఉంది. సరుకు చెన్నై నుంచి పోర్ట్ క్లాంగ్‌కి పోయింది. దానికి న్యూయార్క్ గాలి కూడా సోకలేదు. మరి డబ్బు అటెందుకు వెళ్లింది? డాలర్ అనేది కట్టలు కట్టి విమానంలో పంపేది కాదు. మలేసియా బ్యాంకుకి న్యూయార్క్‌లో ఒక డాలర్ ఖాతా ఉంటుంది, మా బ్యాంకుకి ఒకటి ఉంటుంది. అక్కడి పుస్తకంలో ఒక ఖాతాలో తగ్గిస్తారు, ఇంకో ఖాతాలో పెంచుతారు. అంతే. పుస్తకం వాళ్ల దగ్గరుంది కాబట్టి చట్టం వాళ్లది. ఎవరికి డబ్బు చేరకూడదో చెప్పే ఆంక్షల జాబితా వాళ్లది. తేజ ఎవరని అడిగే హక్కు కూడా వాళ్లదే.

గుంటూరు వ్యాపారికి ఇరవై మూడు రోజులు జరిగిందే, 2022 ఫిబ్రవరిలో ఒక దేశానికి జరిగింది. ఉక్రెయిన్ మీద యుద్ధానికి దిగిన రష్యా కేంద్ర బ్యాంకు నిల్వల్లో దాదాపు సగం, సుమారు 30,000 కోట్ల డాలర్ల విలువైనవి, అమెరికా, యూరప్ దేశాలు కలిసి కదలకుండా బిగించేశాయి. అందులో యూరోలే ఎక్కువ, డాలర్లు కొంతే. రష్యా చేసింది తప్పా ఒప్పా అన్నది ఇంకో సభలో మాట్లాడుకుందాం. నేను చెప్పేది, ఆ రోజు మిగతా దేశాల ఆర్థిక మంత్రులందరూ ఇంటికెళ్లి తమ పాస్‌బుక్ తీసి చూసుకుని ఉంటారని. 2022 నుంచి 2024 వరకు కేంద్ర బ్యాంకులు ఏటా 1,000 టన్నులకు పైగా బంగారం కొన్నాయి. మన రిజర్వ్ బ్యాంకు ఇంగ్లండులో దాచిన బంగారంలోంచి 100 టన్నులు 2023-24లో ఇంటికి తెచ్చుకుంది. 1991లో 47 టన్నులు తాకట్టుకి పంపిన దేశం ఇది. ఆ రోజుల్లో బ్యాంకులో పనిచేసినవాళ్లకి ఆ మాట ఇప్పటికీ గొంతుకడ్డం పడుతుంది.

ఇదంతా ఎలా మొదలైందో మీ పుస్తకాల్లో ఉంది. 1944 బ్రెటన్ వుడ్స్ ఒప్పందం, ఔన్సు బంగారం 35 డాలర్లని ముడివేయడం, 1971 ఆగస్టు 15న అమెరికా అధ్యక్షుడు నిక్సన్ ఆ ముడి విప్పేయడం. పరీక్షకి అది చాలు.

నేను మా నాన్న సంగతి చెప్పాలి. ఫ్లెక్సీలో లేదు, మేడమ్ గారికి కూడా ముందు చెప్పలేదు.

మా నాన్న ఇదే ఊళ్లో ఒక పొగాకు గోడౌన్‌లో గ్రేడింగ్ మేస్త్రీ. వందమంది ఆడవాళ్లు వరుసగా కూర్చుని ఆకు రంగు చూసి వేరు చేస్తుంటే, వాళ్ల మధ్య తిరిగేవాడు. ఇంటికొస్తే చొక్కా దండెం మీద వేసినా గదంతా ఆ వాసనే. ఆ గోడౌన్‌లో బంగారు రంగు ఆకు ఒక వైపు, మాసిపోయిన ఆకు ఇంకో వైపు. ఆ రెండో వైపు బేళ్ల మీద చేత్తో తట్టి, “ఇది రష్యాది” అనేవాడు.

సోవియట్ యూనియన్‌తో మన వ్యాపారం రూపాయల్లో ఉండేది. 1950ల్లో మొదలై వాళ్ల దేశం ఉన్నన్నాళ్లూ నడిచింది. వాళ్లు మనకి చమురు, ఆయుధాలు, యంత్రాలు, న్యూస్‌ప్రింట్ అమ్మేవాళ్లు. మన రూపాయలు ఇక్కడే వాళ్ల ఖాతాలో పడేవి. ఆ రూపాయి ఇంకెక్కడా చెల్లదు. అందుకని టీ, తోలు, బట్టలు, పొగాకు ఇక్కడే కొని ఓడ ఎక్కించేవాళ్లు. మా నాన్న పెద్దగా చదువుకోలేదు గాని ఒక మాట అనేవాడు: “రష్యావాడు కొనడురా, ఖర్చుపెడతాడు.” నేను బ్యాంకు పరీక్షలకి చదివిన పుస్తకాలన్నిట్లో ద్వైపాక్షిక చెల్లింపుల మీద ఇంతకంటే మంచి వాక్యం నాకు దొరకలేదు.

మేం చిన్నప్పుడు రష్యా నుంచి తెలుగులో అచ్చయి వచ్చిన బొమ్మల పుస్తకాలు అతి చవగ్గా కొనుక్కునేవాళ్లం. నున్నటి కాగితం, తోడేళ్లు, మంచు, పొయ్యి మీద పడుకునే అవ్వ. పొయ్యి మీద ఎలా పడుకుంటుందో నాకు చాలా కాలం అర్థం కాలేదు.

1991 డిసెంబరులో సోవియట్ యూనియన్ లేకుండా పోయింది. దేశమే లేకపోతే ఆ ఖాతా ఎవరిది? రూబుల్‌కి ఎన్ని రూపాయలు అని ఢిల్లీలో, మాస్కోలో వాదులాడుకున్నారు, 1993 జనవరిలో రష్యా అధ్యక్షుడు యెల్త్సిన్ ఢిల్లీ వచ్చినప్పుడు గాని తేలలేదు. అది తేలేలోపల గోడౌన్‌లో రెండో వైపు బేళ్లు అలాగే ఉన్నాయి. వానాకాలం వచ్చింది, పట్టాలు కప్పారు. ఆడవాళ్లని వారానికి మూడు రోజులే రమ్మన్నారు, తర్వాత అదీ లేదు. మా నాన్న ఏడాది పాటు అలవాటు కొద్దీ పొద్దున్నే స్నానం చేసి చొక్కా వేసుకుని, అరుగు మీద కూర్చునేవాడు.

అందుకని రూపాయి వ్యాపారం గొప్పదని ఎవరన్నా అంటే నేను వెంటనే చప్పట్లు కొట్టలేను. చెడ్డదనీ అనను. మూడు దశాబ్దాలు మా ఇంట్లో అన్నం పెట్టింది అదే.

ఇప్పుడు 2022కి రండి. రష్యా చమురు చవగ్గా వస్తోంది, డాలర్ దారి మూసుకుపోయింది. అదే ఏడాది జూలై 11న మన రిజర్వ్ బ్యాంకు, రూపాయల్లో బిల్లులు వేసుకోండి, విదేశీ బ్యాంకులు ఇక్కడి బ్యాంకుల్లో ప్రత్యేక వోస్ట్రో ఖాతాలు, అంటే రూపాయల ఖాతాలు, తెరుచుకోవచ్చు అని ఉత్తర్వు ఇచ్చింది. టీవీల్లో పండగ. కానీ 2022-23లో మనం రష్యా దగ్గర కొన్నది 4,600 కోట్ల డాలర్ల సరుకు. అమ్మింది 300 కోట్ల చిల్లర. మిగతా రూపాయలతో వాళ్లేం చేసుకోవాలి? 2023 మేలో గోవా వచ్చిన రష్యా విదేశాంగ మంత్రి లావ్రోవ్ ఇదే చెప్పాడు: మీ బ్యాంకుల్లో మా రూపాయలు వందల కోట్లున్నాయి, వాడుకునే దారి లేదు. మా నాన్న ఉంటే ఆయన్ని గోడౌన్‌కి తీసుకెళ్లేవాడు.

ఆ నీలం చొక్కా బాబూ, లే నాన్నా. మీ నాన్నగారు ఏం చేస్తారు? మిర్చి వేస్తారా, ఎక్కడ? ప్రత్తిపాడు. సరే. యార్డులో మీ నాన్నగారి చేతిలో రూపాయలకి బదులు ఇండోనేసియా రూపయ్య పెడితే తీసుకుంటారా? ఏమన్నావు? మైకులో చెప్పు. ‘వాటితో ఏం కొనుక్కోవాలి సార్.’ కూర్చో బాబూ. ఇందాకటి నుంచి నేను చెప్పలేక తంటాలు పడుతున్నది నువ్వు ఒక్క ముక్కలో చెప్పావు.

చైనా యువాన్‌ని రష్యావాళ్లు తీసుకుంటున్నారంటే ప్రేమతో కాదు. యువాన్‌తో కారు కొనుక్కోవచ్చు, ఫోను కొనుక్కోవచ్చు, యంత్రం కొనుక్కోవచ్చు. మన రూపాయితో ఏం కొనుక్కోవచ్చో వాళ్లకి చూపించాలి. గల్ఫ్‌లో ఒకప్పుడు మన రూపాయే చెలామణీ అయ్యేదని మీలో ఎవరికన్నా తెలుసా? 1959 నుంచి రిజర్వ్ బ్యాంకు వాళ్లకోసం వేరే రంగు నోట్లు కూడా వేసింది. 1966 జూన్ 6న మనం రూపాయి విలువ దించాం, డాలర్‌కి 4.76 ఉన్నది రాత్రికి రాత్రి 7.50 అయింది. మనల్ని నమ్మి రూపాయి దాచుకున్నవాడు పొద్దున లేచేసరికి మునిగాడు. ఇంకో పొరుగువాడి డబ్బు నమ్మాలంటే ఆ తర్వాత ఎవడికైనా భయమే.

దుబాయ్ మాటకొస్తే, 2023 జూలైలో యూఏఈతో ఒప్పందం అయింది, ఆగస్టులో అబుదాబి నుంచి 10 లక్షల బారెళ్ల చమురుకి మన ఇండియన్ ఆయిల్ రూపాయల్లో చెల్లించింది. మంచిదే. రష్యా చమురుకి యూఏఈ డబ్బు దిర్హాముల్లో కూడా కట్టారు. డాలర్ వదిలేశాం అని కొందరు సంబరపడ్డారు. ఆ దిర్హామ్ 1997 నుంచి 3.6725 చొప్పున డాలర్‌తో కొంగుముడి వేసుకుని ఉందండీ. బుర్ఖా వేసుకొచ్చినా మనిషి అదే.

మన సంగతి కూడా చెప్పుకోవాలి. ఈ హాల్లో అన్నో అక్కో అమెరికాలో ఉన్నవాళ్లు చేతులెత్తండి. అబ్బో. రూపాయి 80 దాటిన రోజు మీ ఇంట్లో బాధపడ్డారా? మా ఇంట్లో పడలేదు. నెల్లూరు, భీమవరం రొయ్యల చెరువులవాళ్లు ఏళ్ల తరబడి చాలావరకు అమెరికా కొనుగోళ్ల మీదే బతికారు. డాలర్ పడాలని సభ పెట్టేదీ మనమే, అది పెరిగిన రోజు స్వీట్లు పంచేదీ మనమే.

ప్రిన్సిపాల్ గారు చీటీ పంపారు, అయిదు నిమిషాలట. నాలుగు చాలు.

తేజ వ్యాపారి కథలో ఒక ముక్క మిగిలింది. డబ్బు ఆగిపోయిన ఆ రోజుల్లో మలేసియా వ్యాపారి ఈయనకి ఫోన్ చేసి, ఈసారికి మా మలేసియా డబ్బు రింగిట్‌లో పంపనా అన్నాడట. “రింగిట్‌తో నేనేం చేసుకోవాలి సార్, ఇంటికి పామాయిల్ డబ్బాలు తెచ్చుకోవాలా?” అని నా దగ్గర విసుక్కున్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే కృష్ణపట్నంలో, కాకినాడలో పామాయిల్ రిఫైనరీలున్నాయి. మలేసియా నుంచి ఓడలకొద్దీ తెప్పించుకుంటారు. అక్కడ కట్టడానికి పనికొచ్చే రింగిట్ ఈయన చేతికి వస్తానంటోంది. కానీ ఇద్దరినీ ఒక గదిలో కూర్చోబెట్టేవాడు లేడు. మిర్చివాడు డాలర్ అమ్ముతాడు, పామాయిల్‌వాడు డాలర్ కొంటాడు, రెండు వైపులా కమీషన్ పోతుంది, న్యూయార్క్ వాళ్లు మధ్యలో తేజ ఎవరని అడుగుతారు. డాలర్ నుంచి బయటపడటం అంటే పెద్ద పెద్ద సమావేశాల్లో తీర్మానాలు కాదు, ఆ గది కట్టడం. బ్రెజిల్, రష్యా, ఇండియా, చైనా, దక్షిణాఫ్రికా లాంటి దేశాల కూటమి బ్రిక్స్ మీద 100 శాతం సుంకం వేస్తానని 2024 నవంబరులో ట్రంప్ అన్నది సమావేశాలు చూసి. గది కట్టేవాళ్లని చూసి ఎవరూ అరవరు, కనబడరు కాబట్టి.

2023 ఏప్రిల్‌లో మలేసియాతో వ్యాపారం రూపాయల్లో కూడా చేసుకోవచ్చని మన విదేశాంగ శాఖ ప్రకటించింది. కౌలాలంపూర్ బ్యాంకు ఒకటి ఇక్కడ వోస్ట్రో ఖాతా తెరిచింది. పేపర్లో అది చదివి నేను గంతేసినంత పని చేశాను.

ఈ సభకి వస్తున్నాను కదా అని పోయిన వారం ఆయనకి ఫోన్ చేశాను. “ఏమండీ, ఇప్పుడు రూపాయల్లో బిల్లు వేస్తున్నారా?” అని అడిగాను.

“లేదు సార్, డాలర్లోనే. అయితే ఇన్‌వాయిస్‌లో తేజ అని రాయడం మానేశాను. ఎండు మిరపకాయలు అని మాత్రం రాస్తున్నా.”

నమస్కారం.