గిట్‌హబ్‌లో డౌన్‌లోడ్ లింకు ఎలా పెట్టాలి? జిప్‌ను కమిట్ చేయకండి, రిలీజెస్ వాడండి

మీ రిపోలో (గిట్‌హబ్‌లో మీ ప్రాజెక్టు కోడ్ ఉండే చోట) డిస్ట్ అనే ఫోల్డరు, అందులో జిప్ ఫైళ్ల వరస ఉందా? నేనూ చాలాకాలం అదే పని చేశాను, అందుకే అడుగుతున్నా.

గిట్‌హబ్‌లో ఒకప్పుడు డౌన్‌లోడ్స్ అనే పేజీ ఉండేది. తయారైన ఫైలు అక్కడ పెడితే జనం దించుకునేవాళ్లు. 2012 డిసెంబరులో అక్కడ కొత్త ఫైళ్లు పెట్టడం ఆపేశారు. 2013 మేలో గూగుల్ కోడ్ అనే అలాంటి సైటు కూడా, దుర్వినియోగం పెరిగిందంటూ, డౌన్‌లోడ్స్ తీసేస్తున్నట్టు చెప్పింది. ఆ జులైలోనే గిట్‌హబ్‌లో, వెర్షన్ల వారీగా ఫైళ్లు పెట్టుకునే రిలీజెస్ వచ్చింది. కాబట్టి ఏదో పాత ట్యుటోరియల్ చూసి ఆ డౌన్‌లోడ్స్ పేజీ ఎక్కడుందా అని వెతక్కండి, లేదు.

సరే, జిప్‌ను రిపోలో పెడితే ఏమవుతుంది? లెక్క వేద్దాం. 30 ఎంబీ జిప్, పది వెర్షన్లు. జిప్ ముందే కుదించిన ఫైలు కాబట్టి, మార్పుల చరిత్రను దాచే గిట్ దాన్ని ఇంకా పెద్దగా కుదించలేదు. అంటే దాదాపు 300 ఎంబీ. ఒక్క లైను సరిచేద్దామని క్లోన్ చేసుకున్న (రిపో మొత్తాన్ని తన కంప్యూటర్లోకి దించుకున్న) మనిషి కూడా అదంతా మోయాలి. తర్వాత మీరు డిలీట్ చేసినా హిస్టరీలో ఉండనే ఉంటుంది. అదీగాక 100 ఎంబీ దాటిన ఫైలును గిట్‌హబ్ పుష్ చేయనివ్వదు, అంటే రిపోలోకి పంపనివ్వదు. రిలీజెస్‌లో అయితే ఒక్కో ఫైలు 2 జీబీ లోపు ఉంటే చాలు, మొత్తం సైజుకు పరిమితి లేదు.

ఇప్పుడు స్క్రీన్ చూడండి. రిపో పేజీలో కుడివైపు రిలీజెస్ అని ఉంది కదా, అది నొక్కి కొత్త రిలీజ్ తెరుస్తున్నా. మొదట ట్యాగ్, అంటే ఈ వెర్షన్‌కి గుర్తుగా పెట్టే పేరు అడుగుతుంది. వీ1.0.0 అని టైప్ చేశాను. ఆ ట్యాగ్ ఇంకా లేదు కాబట్టి కొత్తది సృష్టించమంటారా అంటుంది, సరే అందాం. పక్కనే బ్రాంచ్ ఒకసారి చూసుకోండి, ట్యాగ్ పడేది దాని మీదే. టైటిల్ మీ ఇష్టం. నోట్స్ రాయడానికి బద్ధకమైతే అదే తయారు చేసే బటన్ ఉంది. కానీ "ఏం మారింది" అన్నది రెండు లైన్లు మీరే రాస్తే మంచిది. ఆ బటన్ ఇచ్చే పుల్ రిక్వెస్ట్ (మార్పును కలపమని పంపే వినతి) పేర్లు వాడేవాళ్లకి ఏం అర్థమవుతాయి చెప్పండి?

కింద ఈ పెట్టె ఉంది చూడండి, జిప్‌ను లాగి ఇందులో వదలండి. గీత నిండేదాకా ఆగండి. ఫైలు పేరు, సైజు కనబడ్డాకే పబ్లిష్ నొక్కండి.

అయిపోయింది. మన జిప్ కింద, మనం పెట్టని సోర్స్ కోడ్ ఫైళ్లు రెండు కనిపిస్తున్నాయి. ఒకటి జిప్, ఒకటి టార్. ఇవి ట్యాగ్ నుంచి గిట్‌హబ్ తనే తయారు చేసి ఇచ్చేవి. "ఇవి ఉన్నాయిగా, మళ్లీ నా జిప్ ఎందుకు?" అనుకోకండి. ఇందులో బిల్డ్ చేసిన ఫైళ్లు ఉండవు, సబ్‌మాడ్యూల్స్ (మీ రిపోలో జతచేసుకున్న వేరే రిపోలు) రావు. పైగా 2023 జనవరిలో ఒక గొడవ జరిగింది. గిట్ కొత్త వెర్షన్‌లో కుదించే పద్ధతి మారింది. కోడ్ అదే, కానీ ఆ టార్ ఫైళ్ల చెక్‌సమ్ (ఫైలు మారిందో లేదో చెప్పే గుర్తు) మారిపోయింది. చెక్‌సమ్ సరిచూసుకునే బిల్డులు ఆగిపోయాయి. గిట్‌హబ్ ఆ మార్పును వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. మీరు చేతులారా పెట్టిన ఫైలుకు ఈ బెడద లేదు.

ఇక నాకు బాగా నచ్చిన భాగం. రీడ్‌మీలో (రిపో మొదటి పేజీలో కనిపించే పరిచయ ఫైలులో) వీ1.0.0 లింకు పెడితే, వచ్చే వెర్షన్‌కి మళ్లీ మార్చాలి. మర్చిపోతాం, ఖాయం. అందుకని రిపో చిరునామా తర్వాత స్లాష్ రిలీజెస్, స్లాష్ లేటెస్ట్, స్లాష్ డౌన్‌లోడ్, స్లాష్ మీ ఫైలు పేరు. ఇలా రాస్తే ఎప్పుడు నొక్కినా తాజా రిలీజ్‌లోని ఫైలే దిగుతుంది. షరతు ఒక్కటే, ఫైలు పేరు ప్రతిసారీ అచ్చం అదే ఉండాలి. నేను ఒకసారి పేరులో వెర్షన్ నంబరు ఇరికించాను, లింకు కాస్తా 404. నంబరు ట్యాగ్‌లో ఎలాగూ ఉంది, ఫైలు పేరులో వద్దు. ప్రీ రిలీజ్ అని టిక్ పెట్టినవి, డ్రాఫ్టులు ఈ లేటెస్ట్ లెక్కలోకి రావు. బీటాలు ధైర్యంగా పెట్టుకోవచ్చు.

టెర్మినల్ అలవాటున్నవాళ్లు, గిట్‌హబ్ కమాండ్ సాధనమైన జీహెచ్‌తో, జీహెచ్ రిలీజ్ క్రియేట్ అని కొట్టి, పక్కన ట్యాగ్, ఆ పక్కన ఫైలు పేరు ఇస్తే చాలు.

చివరగా డిస్ట్‌ను గిట్ఇగ్నోర్‌లో (గిట్ పట్టించుకోకూడని ఫైళ్ల జాబితాలో) చేర్చి, రిపోలోంచి తీసేయండి. రీడ్‌మీలో కొత్త లింకు పెట్టండి. తర్వాత లాగిన్ లేని ఇన్‌కాగ్నిటో విండోలో దాన్ని నొక్కి చూడండి. రిపో ప్రైవేట్ అయితే మీకు దిగే ఫైలు మిగతావాళ్లకి దిగదు, అది తెలిసేది ఇక్కడే. ఇదిగో, నాకు దిగింది.