పెగ్గీ ఆష్‌క్రాఫ్ట్ అంటే మిసెస్ మూర్ ఒక్కరేనా?

అధ్యక్షుల వారికి, పెద్దలకు, నాటకమంటే ప్రాణం పెట్టే మీ అందరికీ నమస్కారం.

బ్రిటిష్ నటి పెగ్గీ ఆష్‌క్రాఫ్ట్ గురించి మాట్లాడమని ‘వెండితెర మీద ఆష్‌క్రాఫ్ట్’ అనే అంశం ఇచ్చారు. వస్తాను. దానికి ముందు నా గుండెల్లో ఇన్నేళ్లుగా ఉన్న బాధ ఒకటి చెప్పుకోనివ్వండి. 1991 జూన్‌లో ఆవిడ పోయినప్పుడు రాత్రంతా కూర్చుని ఒక పత్రికకు వ్యాసం రాసిచ్చాను. అచ్చయింది మూడు వాక్యాలు. ‘ఎ పాసేజ్ టు ఇండియా’ సినిమాలో మిసెస్ మూర్ పాత్రధారిణి, ఆస్కార్ గ్రహీత, కన్నుమూత. అంతే! మరి అర్ధశతాబ్దం పైబడిన రంగస్థల జీవితం ఏమైనట్టు?

1930లో లండన్ సవాయ్ థియేటర్‌లో షేక్స్‌పియర్ ‘ఒథెల్లో’ నాటకం. నల్లజాతి నటుడు పాల్ రోబ్సన్ ఒథెల్లో, ఇరవై రెండేళ్ల పెగ్గీ డెస్డిమోనా. అతని సరసన భార్యగా వేసినందుకు ఆ అమ్మాయికి ద్వేషం కక్కుతూ ఉత్తరాలు వచ్చాయి. అంతకు ముందు ఏడాదే రోబ్సన్‌కు సవాయ్ హోటల్లో భోజనం పెట్టడానికి నిరాకరించారు. ఆ హోటల్ పక్కనే ఉన్న థియేటర్‌లో ఆమె అతని భార్యగా నిలబడింది. ఇది మూడు వాక్యాల్లో పట్టే సంగతేనా, మీరే చెప్పండి.

1935లో ‘రోమియో అండ్ జూలియెట్’లో జూలియెట్. ఆనాటి మేటి నటులు గీల్‌గుడ్, ఒలివియర్ ఇద్దరూ రోమియో, మెర్క్యూషియో పాత్రలను మార్చుకుంటూ ఆడారు. రోమియో మారినా జూలియెట్ ఆవిడే. 1963లో షేక్స్‌పియర్ పుట్టిన ఊరు స్ట్రాట్‌ఫర్డ్‌లో, యాభై అయిదేళ్ల వయసులో, షేక్స్‌పియర్ చరిత్ర నాటకాల్లోని మార్గరెట్ రాణి. పెళ్లీడు పిల్లగా వచ్చి, కొడుకును పోగొట్టుకుని శాపనార్థాలు పెట్టే ముసలిదయ్యేదాకా ఒక్కరే వేశారు.

సినిమా దగ్గరికి వస్తున్నాను. మసీదు దృశ్యం గుర్తుందా? వెన్నెల రాత్రి, నీడలో ఒక తెల్ల దొరసాని, అదే మిసెస్ మూర్. బూట్లు విప్పలేదనుకుని డాక్టర్ అజీజ్ గద్దిస్తాడు. ఆవిడ అప్పటికే విప్పేసింది. ఆ మాట చెప్పేటప్పుడు ఆష్‌క్రాఫ్ట్ గొంతులో గెలిచానన్న భావం లేదు, నొచ్చుకోవడమూ లేదు. అవతలి మనిషి కోపం న్యాయమైనదేనన్న మన్నన ఉంది. ఆ గొంతు 1984లో కెమెరా ముందు పుట్టింది కాదు. దాని వెనక డెస్డిమోనా ఉంది, జూలియెట్ ఉంది, మార్గరెట్ ఉంది. 77 ఏళ్లకు వచ్చిన ఆస్కార్‌లో వాళ్లందరికీ వాటా ఉంది.

ఇంకా చెప్పాల్సింది ఉంది కానీ, అది పక్కన పెడతాను. ఇక్కడ నాటక సమాజాల వాళ్లు కనిపిస్తున్నారు. అయ్యా, అమ్మా, మీ ఊళ్లో ఒకప్పుడు రాత్రుళ్లు రాత్రుళ్లు ఆడిన నటీమణి ఎవరైనా ఉంటే ఈ వారంలోనే వెళ్లి కలవండి. ఏ పాత్రలు వేశారో, ఏ ఊళ్లలో వేశారో అడగండి. ఆవిడ చెప్పినంతసేపూ రాసుకోండి. మూడు వాక్యాలకు కుదించకండి.