టర్నర్లు: అమెరికాకు జిమ్నాస్టిక్స్ తెచ్చిన జర్మన్ వలసదారులు

[దృశ్యం: మిల్వాకీ నగరంలోని టర్నర్ హాల్, వీధి వైపు నుంచి]

నమస్కారం. విస్కాన్సిన్ రాష్ట్రంలోని మిల్వాకీ నగరంలో, 1880ల తొలినాళ్లలో జర్మన్ వలసదారులు తమ వ్యాయామ సంఘం కోసం కట్టుకున్న భవనం ఇది. ఇలాంటి హాళ్లు ఆ రోజుల్లో సిన్సినాటి, సెయింట్ లూయిస్, ఫిలడెల్ఫియా, షికాగో వంటి నగరాలన్నింటిలోనూ ఉండేవి. కసరత్తుకు పెద్ద గది, నాటకాలకు వేదిక, చదువుకోవడానికి గ్రంథాలయం, సాయంత్రం కుటుంబాలతో కూర్చుని బీరు తాగుతూ కబుర్లు చెప్పుకోవడానికి చోటు, అన్నీ ఒకే కప్పు కింద ఉండేవి. మన ఊళ్లలోని తాలింఖానా, గ్రంథాలయం, నాటక సమాజం కలిసి ఒకే ఇంట్లో కాపురం పెడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఈ సంఘాలను జర్మన్‌లో టర్న్‌ఫెరైన్ అనేవారు. సభ్యులకు టర్నర్లు అని పేరు.

వీరిని ఆటల సంఘాలవారిగా మాత్రమే గుర్తుంచుకుంటే సగం చరిత్రే తెలుస్తుందని నా గట్టి అభిప్రాయం. దానికి కారణం తెలియాలంటే ముందు బెర్లిన్ వెళ్లాలి.

[దృశ్యం: ప్యారలల్ బార్స్ మీద కసరత్తు చేస్తున్న యువకుల పాత రేఖాచిత్రం]

1806లో ఫ్రెంచి చక్రవర్తి నెపోలియన్ చేతిలో, బెర్లిన్ రాజధానిగా ఉన్న జర్మన్ రాజ్యం ప్రష్యా ఘోరంగా ఓడిపోయింది. ఆ అవమానంతో రగిలిపోయిన ఫ్రీడ్రిష్ లుడ్విగ్ యాన్ అనే ఉపాధ్యాయుడు, యువకులను దృఢంగా తయారుచేస్తేనే దేశం తిరిగి లేస్తుందని నమ్మి, 1811లో బెర్లిన్ శివార్లలోని హాజెన్‌హైడె మైదానంలో బహిరంగ వ్యాయామశాల తెరిచాడు. నేటి పోటీల్లో మనం చూసే ప్యారలల్ బార్స్, హారిజాంటల్ బార్, పామెల్ హార్స్ వంటి సాధనాలతో కూడిన శిక్షణ ఒక పద్ధతిగా వ్యాపించింది అక్కడి నుంచే. అయితే యాన్ జాతీయవాదంలో పరాయివారి పట్ల, ముఖ్యంగా ఫ్రెంచివారి పట్ల, యూదుల పట్ల ద్వేషం కూడా ఉంది. ఆయనను గౌరవించేవారు ఆ సంగతిని దాటవేయకూడదు.

యువకులు ఒకచోట గుమిగూడి స్వేచ్ఛ, ఐక్యత గురించి మాట్లాడటం పాలకులకు నచ్చలేదు. 1819లో యాన్‌ను అరెస్టు చేశారు. ఆ తరువాత ప్రష్యాలో ఈ వ్యాయామ మైదానాలపై విధించిన నిషేధం 1842 వరకు సాగింది. ఆ అణచివేతను తప్పించుకుని అమెరికా వచ్చిన చార్లెస్ బెక్ 1825లో మసాచుసెట్స్‌లోని రౌండ్ హిల్ పాఠశాలలో వ్యాయామశాల ప్రారంభించగా, మరుసటి ఏడాది చార్లెస్ ఫోలెన్ హార్వర్డ్‌లో అదే పని చేశాడు. ఆ ప్రయత్నాలు ఎక్కువ కాలం నిలవలేదు.

నిలిచింది 1848 తరువాత వచ్చినవారి పని. ఆ ఏడాది జర్మన్ రాజ్యాల్లో రాజ్యాంగం కోసం, ప్రజల హక్కుల కోసం లేచిన తిరుగుబాటు విఫలమై, అందులో పాల్గొన్న వేలాది మంది దేశం విడిచిపోవలసి వచ్చింది. తిరుగుబాటు నాయకుడు ఫ్రీడ్రిష్ హెకర్ సిన్సినాటికి వచ్చి ప్రోత్సహించడంతో అక్కడి జర్మన్లు 1848 నవంబరులో టర్న్‌ఫెరైన్ స్థాపించారు. తరువాతి కొన్నేళ్లలోనే జర్మన్లు స్థిరపడిన ప్రతి ముఖ్య నగరంలోనూ ఇలాంటి సంఘం వెలిసింది. ఓడిపోయిన ఆశయాన్ని కొత్త దేశంలో బతికించుకోవాలన్న తపనే వాటిని కట్టించింది.

ఈ సంఘాలు 1855లో బఫలోలో జరిగిన సమావేశంలో బానిసత్వాన్ని వ్యతిరేకిస్తూ తీర్మానించాయి. వలసదారులపై దాడులు జరుగుతున్న రోజుల్లో, తామే వలసదారులై ఉండి, అంత వివాదాస్పదమైన విషయంలో బహిరంగంగా ఒక పక్షాన నిలబడటం తేలిక కాదు. 1861లో బానిసత్వం విషయమై ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య అమెరికా అంతర్యుద్ధం మొదలైనప్పుడు ఆ మాటను చేతల్లో చూపించారు. సిన్సినాటి టర్నర్లు పెద్ద సంఖ్యలో చేరగా ఒహాయో 9వ పదాతిదళం ఏర్పడింది. న్యూయార్క్ 20వ దళానికి టర్నర్ రైఫిల్స్ అనే పేరే స్థిరపడింది.

[దృశ్యం: పాఠశాల ఆవరణలో వరుసలుగా నిలబడి వ్యాయామం చేస్తున్న బాలబాలికలు]

యుద్ధం ముగిశాక వారి దృష్టి పాఠశాలల మీదికి మళ్లింది. శరీర శిక్షణ డబ్బున్నవారి పిల్లలకే పరిమితం కాకూడదని, ప్రభుత్వ బడిలో చదివే ప్రతి పిల్లకూ, పిల్లవాడికీ అందాలని వారు పట్టుబట్టారు. ఉపాధ్యాయులను తయారుచేయడానికి 1866లో న్యూయార్క్‌లో ఒక శిక్షణ కళాశాల తెరిచారు. అది తరువాత మిల్వాకీకి, 1907లో ఇండియానాపొలిస్‌కు మారింది. మిల్వాకీలో దాన్ని నడిపిన జార్జ్ బ్రోసియస్ 1880లో తన శిష్యులను జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ వ్యాయామ ఉత్సవానికి తీసుకువెళ్లగా, వారు పుట్టినింటివారితోనే పోటీపడి బహుమతులు గెలుచుకుని తిరిగివచ్చారు. 1885లో కార్ల్ బెట్జ్ కాన్సాస్ సిటీ పాఠశాలల్లో ఈ శిక్షణ ప్రవేశపెట్టాడు. బోస్టన్ మాత్రం స్వీడన్ దేశపు వ్యాయామ పద్ధతి వైపు మొగ్గింది. ఏ పద్ధతి మంచిదన్న వాదన చాలాకాలం నడిచింది.

ఇక 1904 సెయింట్ లూయిస్ ఒలింపిక్స్ గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి. జట్ల జిమ్నాస్టిక్స్‌లో మొదటి మూడు స్థానాలూ ఫిలడెల్ఫియా, న్యూయార్క్, షికాగో టర్నర్ సంఘాలవే. అదే ఏడాది అక్టోబరు 29న సెయింట్ లూయిస్‌లోని కాంకార్డియా టర్న్‌ఫెరైన్ సభ్యుడు జార్జ్ ఐసర్ బరిలోకి దిగాడు. జర్మనీలో పుట్టి, అమెరికాలో లెక్కలు రాసుకునే ఉద్యోగం చేసుకుంటున్న ఈయన ఎడమ కాలు చెక్కది. ఆ చెక్క కాలితోనే పరిగెత్తి వచ్చి ‘గుర్రం’ అని పిలిచే ఎత్తైన సాధనం మీదుగా దూకాడు. ప్యారలల్ బార్స్ మీద బరువంతా భుజాలతో మోశాడు. చేతుల బలంతో తాడు ఎక్కాడు. ఈ మూడింటిలోనూ స్వర్ణాలు వచ్చాయి. గుర్రం దూకుడులో మాత్రం ఆంటన్ హైడాతో సమానంగా నిలిచాడు. మరో రెండు రజతాలు, ఒక కాంస్యం కలిపి ఒకే రోజులో ఆరు పతకాలు. ఏ శరీరాన్నైనా సాధనతో తీర్చిదిద్దవచ్చన్న టర్నర్ల నమ్మకానికి ఇంతకన్నా మంచి నిదర్శనం నాకు కనిపించదు.

[దృశ్యం: ఇండియానాపొలిస్‌లోని అథీనియం భవనం]

మొదటి ప్రపంచ యుద్ధం ఈ సంఘాలను దెబ్బతీసింది. 1917లో అమెరికా జర్మనీపై యుద్ధం ప్రకటించాక, జర్మన్ మాట్లాడటమే అనుమానానికి కారణమైంది. అంతర్యుద్ధంలో ఈ దేశం కోసం ప్రాణాలిచ్చినవారి మనవలు తమ విధేయతను మళ్లీ రుజువు చేసుకోవలసి రావడం అన్యాయం. ఇండియానాపొలిస్‌లో బెర్నార్డ్ వానెగట్, ఆర్థర్ బోన్ అనే వాస్తుశిల్పులు 1890లలో రూపొందించిన టర్నర్ల భవనం దాస్ డాయ్చ హౌస్ (‘జర్మన్ ఇల్లు’) 1918లో అథీనియంగా పేరు మార్చుకుంది. 1919లో ఇండియానా రాష్ట్రం బడుల్లో జర్మన్ బోధనను నిషేధించింది. సంఘాల్లో జర్మన్ క్రమంగా తగ్గి ఇంగ్లీషు వచ్చింది. సభ్యులూ తగ్గుతూ వచ్చారు.

శిక్షణ కళాశాల 1941లో ఇండియానా విశ్వవిద్యాలయంలో కలిసింది. అథీనియంలో తరువాతి కాలంలో వైఎంసీఏ వ్యాయామశాల నడిచింది. మిల్వాకీ హాల్ 1996లో జాతీయ చారిత్రక చిహ్నంగా గుర్తింపు పొందింది. అక్కడి టర్నర్ సంఘం ఇప్పటికీ పనిచేస్తూనే ఉంది.