రీలు బాగానే ఉంది, దారమే పురెక్కింది

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. ఈరోజు ఫోన్-ఇన్ గాలం వేసేవాళ్ల కోసం. ఏ రీలు కొనాలి, దారం ఎలా చుట్టాలి, డ్రాగ్, అంటే చేప లాగినప్పుడు దారాన్ని జారనిచ్చే బిగింపు, ఎంత ఉండాలి, ఏదైనా అడగండి. రీళ్లు విప్పి బాగుచేసే నిపుణులు స్టూడియోలో ఉన్నారు. మొదటి కాల్ రాజమండ్రి నుంచి. చెప్పండి.

శ్రోత (రాజమండ్రి): నమస్కారమండి. గోదావరి గట్టు మీంచి శీలావతికి, జెల్లకి అడుగు గాలం వేస్తానండి. కొత్తగా 4000 సైజు స్పిన్నింగ్ రీలు కొన్నాను. విసిరినప్పుడల్లా నాలుగైదు చుట్లు ఒక్కసారే ఊడొచ్చి రాడ్ మొదటి రింగు దగ్గర ముద్దకడుతున్నాయి. రీలు మార్చేయమంటారా?

నిపుణుడు: ఆగండి. ఏం దారం వాడుతున్నారు? దారం చుట్టుకునే స్పూల్‌లో ఎంతవరకు నింపారు?

శ్రోత: 0.35 మి.మీ. మోనో అండి, ఒంటిపోగు నైలాన్ దారం. షాపతను అంచుదాకా నింపేశాడు. ఎక్కువుంటే మంచిదే కదా అన్నాడు.

నిపుణుడు: ఆ ఎక్కువే కొంప ముంచింది. స్పూల్ అంచుకి, దారానికి మధ్య 2 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. మోనో కాస్త బిరుసుగా ఉంటే 3 ఉన్నా ఫర్వాలేదు. అంతకన్నా నిండితే పైచుట్లను పట్టి ఉంచే అంచే ఉండదు, జారి ఊడిపడతాయి. మరీ తక్కువైతే దారం అంచుకి రాసుకుంటూ బయటికి రావాలి, విసురు దూరం పోదు. మీరు ముందు ఓ పది మీటర్లు కోసేసి చూడండి. ఇంకో మాట, ఎర కట్టకుండా దారం వదులుగా పట్టుకుంటే దానంతటదే మెలికలు పడుతోందా?

శ్రోత: పడుతోందండి, ఉంగరాలు ఉంగరాలుగా.

నిపుణుడు: అయితే పురి కూడా ఎక్కింది. కొత్త దారానికి చుట్టేటప్పుడే పురెక్కుతుంది. దారం ఉండను పెన్సిల్‌కి గుచ్చి గిరగిరా తిప్పుతూ చుట్టడం బెయిట్‌కాస్టింగ్ రీలుకి సరిపోతుంది. ఎందుకంటే అక్కడ స్పూలే తిరుగుతుంది. స్పిన్నింగ్ రీలులో స్పూల్ తిరగదు, దారాన్ని పట్టే బెయిల్ అనే తీగ దాని చుట్టూ తిరుగుతుంది. దీనికి ఉండను లేబుల్ పైకి ఉండేలా నేల మీద పడుకోబెట్టాలి. దారాన్ని రాడ్ కింది రింగులోంచి తెచ్చి, రీలుకి కాస్త ముందు తడిగుడ్డతో వేళ్ల మధ్య నొక్కిపట్టి చుట్టాలి. పన్నెండు, పదిహేను చుట్లు తిప్పాక ఆగి, దారం వదులు చేయండి. రీలుకి, ఉండకి మధ్య మెలికలు పడితే ఉండను బోర్లించండి. పడకపోతే అలాగే కానివ్వండి. లేబుల్ ఎటుండాలన్న వాదన అక్కడితో తెగిపోతుంది.

శ్రోత: ఇప్పటికే ఎక్కిన పురి పోతుందా అండి?

నిపుణుడు: మీకు గోదావరి ఉంది కదా, అంతకన్నా ఏం కావాలి! గాలం, సీసం, స్వివెల్ అన్నీ విప్పేసి ఉత్త దారాన్ని పారే నీటిలో 60, 70 మీటర్లు వదలండి. రెండు మూడు నిమిషాలు అలాగే పట్టుకుంటే కొస తనంతట తాను తిరిగి పురి విడుస్తుంది. తర్వాత తడిగుడ్డతో బిగువుగా చుట్టుకోండి. ఇకమీదట రెండు అలవాట్లు పెట్టుకోండి. విసిరాక బెయిల్‌ను హ్యాండిల్ తిప్పి కాకుండా చేత్తో మూయండి, మూశాక దారాన్ని ఒకసారి బిగువుగా లాగండి. వదులు చుట్టు ఒకటి, బెయిల్ మీద దారం ఆనే రోలర్ కింద మిగిలిపోతే తర్వాతి విసురులో ముద్ద అదే అవుతుంది. రెండోది, చేప డ్రాగ్ లాక్కుని పోతుంటే హ్యాండిల్ తిప్పొద్దు. అప్పుడు తిప్పే ఒక్కో తిప్పుకి ఐదారు పురులు ఎక్కుతాయి.

వ్యాఖ్యాత: చాలామంది అప్పుడే కదా ఇంకా గట్టిగా తిప్పేది! తర్వాతి కాల్ నల్గొండ నుంచి.

శ్రోత (నల్గొండ): నమస్తే అన్నా. చెరువుల కొర్రమీనుకి రబ్బరు కప్పతోని ఆడుతా. బెయిట్‌కాస్టింగ్ రీలు తీసుకుందామని చూస్తున్న. దోస్తులేమో 7:1 గేర్ ఉన్నదే తీస్కో, స్పిన్నింగ్‌ది 5:1 నే, మెల్లగ చుడ్తది అంటున్నరు. నిజమేనా?

నిపుణుడు: గేర్ నిష్పత్తి అంటే హ్యాండిల్ ఒక తిప్పుకి స్పూల్ గానీ బెయిల్ గానీ ఎన్నిసార్లు తిరుగుతుందో ఆ లెక్క. అదొక్కటే చూసి వేగం చెప్పలేం. హ్యాండిల్ ఒక తిప్పుకి ఎన్ని సెంటీమీటర్ల దారం లోపలికొస్తుందో చూడాలి. అది స్పూల్ చుట్టుకొలతను నిష్పత్తితో గుణిస్తే వస్తుంది. చిన్న బెయిట్‌కాస్టర్ స్పూల్ వ్యాసం 34 మి.మీ. అనుకోండి, చుట్టుకొలత 107 మి.మీ. దాన్ని 7.1తో గుణిస్తే 76 సెంటీమీటర్లు. 2500 సైజు స్పిన్నింగ్ స్పూల్ 47 మి.మీ. ఉంటే చుట్టుకొలత 148. 5.2తో గుణిస్తే 77. రెండూ ఒకటే.

శ్రోత: అరె! మరి బెయిట్‌కాస్టర్ ఎందుకు అన్నా?

నిపుణుడు: బలానికి, గురికి. తూటికాడల్లో, తామరాకుల్లో కప్పని లాగుతారు కదా. పట్టగానే చేప తల తిప్పేలోపు ఈడ్చేయాలి. 30, 40 పౌండ్ల బరువు తట్టుకునే బ్రెయిడ్ అనే అల్లిక దారం, బలమైన రాడ్, దాదాపు బిగించేసిన డ్రాగ్ కావాలి. ఆ పనికి బెయిట్‌కాస్టర్ సరైనది. కప్ప బరువు 10 నుంచి 15 గ్రాములు ఉంటే హాయిగా విసరొచ్చు. 5, 6 గ్రాముల చిన్న ఎరలే వాడేవాళ్లయితే స్పిన్నింగే నయం. మామూలు బెయిట్‌కాస్టర్ స్పూల్‌ను అంత తేలిక ఎర లాగి తిప్పలేదు.

శ్రోత: దోస్తుది ఒకసారి ఏసి చూసిన. మొత్తం పిట్టగూడు అయింది. గంట పట్టింది ఇప్పనీకి.

నిపుణుడు: ఎర వేగం తగ్గినా స్పూల్ అదే జోరున తిరుగుతుంటే వచ్చే చిక్కు అది. మూడు బ్రేకులున్నాయనుకోండి. మొదటిది హ్యాండిల్ పక్కనుండే చిన్న గుబ్బ. వాడబోయే కప్పనే కట్టి, రాడ్ నిటారుగా పట్టుకుని, స్పూల్‌ని వదిలే బొటనవేలి మీట నొక్కండి. కప్ప నెమ్మదిగా దిగాలి. నేలకి తగలగానే స్పూల్ ఆగిపోవాలి. ఒక్క చుట్టు ఎక్కువ తిరిగినా గుబ్బ ఇంకాస్త బిగించండి. ఎర మార్చినప్పుడల్లా ఇది మళ్లీ చేయాలి. రెండోది అవతలి పక్కనుండే అయస్కాంతం బ్రేకు. దాని మీద 1 నుంచి 10 ఉంటే మొదటి వారం 8 మీద పెట్టండి, చెయ్యి కుదిరాక ఒక్కో అంకె తగ్గించుకోండి. ఎదురుగాలి ఉన్నరోజు మళ్లీ పెంచండి. మూడోది మీ బొటనవేలు. కప్ప నీటిని తాకేముందు స్పూల్ మీద వేలు ఆనాల్సిందే. మిగతా రెండూ ఎంత బాగా పెట్టినా ఇది మానితే గూడు తప్పదు.

శ్రోత: గూడు అయితే ఎట్ల ఇప్పాలె?

నిపుణుడు: కత్తెర తీయకండి. డ్రాగ్ పూర్తిగా బిగించి, బొటనవేలితో చిక్కు మీద గట్టిగా నొక్కిపట్టి, హ్యాండిల్ రెండు మూడు తిప్పులు తిప్పండి. తర్వాత మీట నొక్కి దారం మెల్లగా లాగండి. ఆగిన చోట మళ్లీ అదే పని. సగానికి సగం చిక్కులు ఇలాగే విడిపోతాయి.

వ్యాఖ్యాత: నల్గొండ శ్రోతకి ఒక మాట. చాలా చెరువులు మత్స్యకారుల సంఘాల చేతిలో ఉంటాయి, గాలం వేసేముందు వాళ్లని అడగండి. విశాఖపట్నం నుంచి కాల్ ఉంది.

శ్రోత (విశాఖపట్నం): నమస్కారం సార్. రాళ్ల మీంచి పార చేపకి వేస్తుంటాను. 5000 సైజు రీలు, కొని మూడు నెలలే. హ్యాండిల్ తిప్పితే ఇసుక నలిగినట్టు చప్పుడు, బరువుగా తిరుగుతోంది. ప్రతిసారీ ఇంటికొచ్చి కుళాయి కింద పెట్టి బాగా కడుగుతాను కూడా.

నిపుణుడు: కుళాయి ధార గట్టిగా వదిలి, హ్యాండిల్ తిప్పుతూ కడుగుతారా?

శ్రోత: అవును సార్, లోపల ఉప్పు పోవాలని.

నిపుణుడు: ఆ ధారే ఉప్పుని లోపలికి తోసింది. కడిగే వరస ఇది. ముందు డ్రాగ్ గుబ్బ బిగించండి, లేకపోతే నీళ్లు స్పూల్ లోపలి వాషర్లలోకి దిగుతాయి. మగ్గుతో మంచినీళ్లు సన్నగా పైనుంచి పోయండి, హ్యాండిల్ తిప్పకండి. బకెట్లో ముంచొద్దు. విదిలించి, గుడ్డతో తుడిచి, డ్రాగ్ పూర్తిగా వదులు చేసి నీడలో ఆరబెట్టండి. ఆరాక లైన్ రోలర్‌కి, హ్యాండిల్ గుబ్బకి, బెయిల్ మడత దగ్గర ఒక్కొక్క చుక్క రీలు నూనె వేయండి. ఒక్క చుక్కే. తుప్పు వదిలించే స్ప్రేలు కొట్టొద్దు, లోపలి గ్రీజును కరిగించి పట్టుకుపోతాయి.

శ్రోత: ఇప్పుడీ చప్పుడు?

నిపుణుడు: స్పూల్ తీసేసి తిప్పి చూడండి. చప్పుడు ఆగితే తేడా స్పూల్ దగ్గరే, ఆగకపోతే బేరింగో పెద్ద గేరో. బేరింగులైతే మార్చొచ్చు, ఖర్చు పెద్దగా ఉండదు. గేరు పళ్లు అరిగితే మాత్రం కొత్త రీలు ధరతో పోల్చి చూసుకోండి. దానికన్నా ముందు లైన్ రోలర్ చూడండి. దారం బిగువుగా లాగినప్పుడు అది తిరగాలి. ఉప్పుపట్టి ఆగిపోయిన రోలర్ మీద బ్రెయిడ్ రాసుకుని గాడి పడుతుంది, ఆ గాడి దారాన్నే కోస్తుంది. సముద్రంలో "చేప తెంపుకుపోయింది" అనే కథల్లో చాలా వాటికి ముగింపు అక్కడే.

శ్రోత: సార్, దారం సంగతి కూడా. నా దగ్గర 0.20 బ్రెయిడ్ 150 మీటర్లుంది. ఇంకో చిన్న రీలు మీద 0.30–180 అని, అంటే 0.30 మి.మీ. దారం 180 మీటర్లు పడుతుందని రాసుంది. కింద మోనో ఎంత చుట్టాలి?

నిపుణుడు: దారం పట్టే చోటు మందం వర్గాన్ని బట్టి ఉంటుంది. 0.30ని దాంతోనే గుణిస్తే 0.09, దాన్ని 180తో గుణిస్తే 16.2. అది మీ స్పూల్ మొత్తం చోటు. బ్రెయిడ్‌కి 0.20 ఇంటూ 0.20 అంటే 0.04, 150తో గుణిస్తే 6. మిగిలింది 10.2. దాన్ని 0.09తో భాగిస్తే 113. అంటే కింద 0.30 మోనో సుమారు 110 మీటర్లు. అట్ట మీద రాసే బ్రెయిడ్ మందాలు నమ్మదగ్గవి కావు కాబట్టి కొంచెం అటూఇటూ అవుతుంది. బ్రెయిడ్‌ని నేరుగా నున్నటి స్పూల్‌కి మాత్రం కట్టొద్దు. ముడి బిగిసినా మొత్తం చుట్ట స్పూల్ మీద గుండ్రంగా జారుతుంది. డ్రాగ్ పాడైందనుకుని రీలు విప్పించుకునేవాళ్లు ఉన్నారు.

వ్యాఖ్యాత: డ్రాగ్ మాటొచ్చింది కాబట్టి, ఎంత బిగించాలి?

నిపుణుడు: తూటికాడల్లో కొర్రమీను సంగతి వేరు, మామూలుగా అయితే దారం తెగే బరువులో నాలుగోవంతు, మహా అయితే మూడోవంతు. 20 పౌండ్ల దారమంటే 9 కిలోలు, డ్రాగ్ రెండుంబావు నుంచి 3 కిలోల దగ్గర జారాలి. అంత తక్కువ ఎందుకంటే ముడి దగ్గర దారం బలం తగ్గుతుంది, వంగిన రాడ్ రింగుల్లో రాపిడి ఉంటుంది. పైగా దారం పోయేకొద్దీ స్పూల్ మీద చుట్ట సన్నబడుతుంది. అది సగానికి సన్నబడితే గుబ్బ ముట్టుకోకపోయినా లాగడానికి రెట్టింపు బలం కావాలి. అందుకే పెద్ద చేప దూరం పోతుంటే డ్రాగ్ కాస్త వదులు చేయాలి. చాలామంది కంగారులో బిగిస్తారు, పుటుక్కుమంటుంది.

వ్యాఖ్యాత: భీమవరం నుంచి ఒక అమ్మగారు లైన్లో ఉన్నారు.

శ్రోత (భీమవరం): నమస్తే అండి. మా అబ్బాయికి పన్నెండేళ్లు. కాలవ గట్టున వెదురుకర్రతో పట్టేస్తుంటాడు, ఇప్పుడు రీలు కావాలంటున్నాడు. వాడిది ఎడంచేతి వాటం. షాపులో పది బేరింగులున్నదే మంచిదంటున్నారు.

నిపుణుడు: అంకె చూసి కొనొద్దమ్మా. సరిగ్గా కూర్చిన నాలుగు బేరింగులు నాసిరకం పదింటికన్నా నయం. 2500 సైజు స్పిన్నింగ్ రీలు, ఆరడుగుల రాడ్, 0.25 మోనో చాలు. షాపులోనే చూడాల్సినవి చెప్తాను. హ్యాండిల్ వెనక్కి తోయండి, టక్కున ఆగాలి, వేలెడు ఊగకూడదు. బెయిల్ తెరిచి మూయండి, రెండువైపులా గట్టిగా పట్టాలి. రోలర్‌ని గోటితో తిప్పండి. డ్రాగ్ వదులు చేసి దారం లాగితే కుదుపుల్లేకుండా సమంగా రావాలి. ఈ చివరిదానికి మిగతా మూడింటికన్నా ఎక్కువ విలువివ్వండి.

శ్రోత: హ్యాండిల్ కుడివైపుకి మార్చుకోవచ్చా అండి?

నిపుణుడు: చాలా స్పిన్నింగ్ రీళ్లకి మార్చొచ్చు. బాబు ఎడంచేత్తో రాడ్ పట్టుకుంటే హ్యాండిల్ కుడివైపు ఉండాలి. అవతలి పక్క మూత విప్పి, హ్యాండిల్ తీసి ఇటు బిగించి, మూత అటు పెట్టండి. ఖరీదైన కొన్నిటికి హ్యాండిల్ నేరుగా గేరులోకి మరతో దిగుతుంది. దాన్ని చుట్టే దిశకి వ్యతిరేకంగా తిప్పితే ఊడుతుంది, బలంగా లాగితే మర చెడుతుంది. బెయిట్‌కాస్టర్లకి మాత్రం ఇలా మార్చుకునే వీల్లేదు, కుడీ ఎడమా విడివిడిగా అమ్ముతారు.

శ్రోత: వాడికి డ్రాగ్ ఎంతో ఎలా తెలుస్తుందండి? ఇంట్లో కాటా కూడా లేదు.

నిపుణుడు: లీటరు నీళ్ల సీసా ఉంటుందిగా. నిండా పోస్తే కిలోకి కాస్త ఎక్కువ. దారం కొసకి సీసా కట్టి, రాడ్‌ను సీసా వైపు చూపిస్తూ నెమ్మదిగా పైకెత్తమనండి. సీసా లేచీలేవకుండా డ్రాగ్ జారాలి. నాలుగు కిలోల దారానికి అది సరిపోతుంది. ఇంటికొచ్చాక గుబ్బ వదులు చేసి పెట్టమని చెప్పండి. బిగించి నెలలు వదిలేస్తే లోపలి వాషర్లు అణిగిపోయి డ్రాగ్ కుదుపులు వస్తుంది. మళ్లీ కాలవకి వెళ్లేముందు సీసా కట్టి చూసుకోవాలి.

శ్రోత: సీసా అంటే సరదాగా చేస్తాడులెండి. థాంక్సండి.

వ్యాఖ్యాత: ఇంకో కాల్‌కి సమయం లేదు, ఒక సందేశం చదువుతాను. కాకినాడ నుంచి, "బ్రెయిడ్ ఎండలో చెడుతుందా, ఏటా మార్చాలా?"

నిపుణుడు: ఏటా అక్కర్లేదు. ఎండకి మోనోయే త్వరగా పెళుసవుతుంది, దాన్ని వాడకాన్ని బట్టి ఆరునెలలకో ఏడాదికో మార్చండి. బ్రెయిడ్ రంగు వెలిసినంత మాత్రాన చెడినట్టు కాదు. వేళ్ల మధ్య జార్చి చూడండి, నూగు లేచిన చోటుదాకా కోసేయండి. ముందుభాగం బాగా నలిగితే మొత్తం తీసి తిరగేసి చుట్టండి. అడుగున ఉన్న సగం ఎండే చూసుండదు.