పాత గేమింగ్ కంప్యూటరుకు తక్కువ ఖర్చులో కొత్త ఊపిరి

శ్రోతలకు నమస్కారం.

హనుమకొండలోనో, కరీంనగర్‌లోనో, మంచిర్యాలలోనో 2017, 2018 ప్రాంతంలో ఇంజినీరింగులో చేరిన పిల్లల కోసం కొన్న గేమింగ్ కంప్యూటర్లు ఇప్పుడు ఎన్నో ఇండ్లలో తమ్ముళ్ల చేతికి వచ్చి ఉంటాయి. రైజెన్ 5 1600 ప్రాసెసరు, బీ350 మదర్‌బోర్డు, ఒకే స్టిక్కుగా 8 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 1050 టీఐ గ్రాఫిక్స్ కార్డు ఉన్న అలాంటి యంత్రాన్నే ఉదాహరణగా తీసుకుందాం. కొత్త ఆటలకు అది తట్టుకోలేకపోతున్నది. దానిని మూలకు పెట్టకుండా, ఇంట్లో అడిగి తీసుకోగలిగినంత డబ్బుతోనే ఎలా బాగుచేసుకోవచ్చో ఈ రోజు మాట్లాడుకుందాం.

చాలామంది ముందుగా గ్రాఫిక్స్ కార్డు కోసం బయలుదేరుతారు. అంతకన్నా ముందు పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటి చేసుకోవాలి. ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే ఉచిత ప్రోగ్రామును వేసుకుంటే, ఆట నడుస్తుండగానే కార్డు ఎంత శాతం పనిచేస్తున్నదో, సెకనుకు ఎన్ని ఫ్రేములు వస్తున్నాయో తెర మూలన కనిపిస్తుంది. ఫ్రేముల వేగాన్ని తెర వేగానికి కట్టిపడేసే వీసింక్‌ను, ఫ్రేముల పరిమితిని తీసివేసి చూసినప్పుడు కార్డు వినియోగం 97, 98 శాతం దగ్గర నిలిచి ఉంటే వెనుకబడింది కార్డేనని అర్థం. అలా కాక అది 60 శాతం దగ్గరే ఊగిసలాడుతూ, రిజల్యూషన్‌ను 1080 నుంచి 720కి తగ్గించినా ఫ్రేములు పెరగకపోతే లోపం ప్రాసెసరు వైపున ఉన్నట్టే. ప్రాసెసరు మొత్తం వినియోగం 50 శాతమే చూపించినంత మాత్రాన అది ఖాళీగా ఉన్నదని భావించరాదు. ఆటలోని అసలు భారం తరచుగా ఒకటి రెండు కోర్ల (ప్రాసెసరులోని పని విభాగాల) మీదనే పడుతుంది. వాలరెంట్ వంటి వేగంగా కాల్చుకునే పోటీ ఆటలకు ప్రాసెసరు ముఖ్యం. విశాలమైన నగరాలను, అడవులను చూపించే కథల ఆటలకు కార్డు ముఖ్యం. మన పిల్లవాడు ఏది ఆడుతాడో తెలియకుండా డబ్బు తీయడం తొందరపాటే.

లోపం ప్రాసెసరుదే అయితే, మన ఉదాహరణలోని యజమాని అదృష్టవంతుడు. అతని బోర్డు మీద ప్రాసెసరు కూర్చునే ఏఎం4 సాకెట్టును, రైజెన్‌లను తయారుచేసే ఏఎండీ సంస్థ ఏళ్ల తరబడి కొనసాగించింది. 2022లో బీ350 వంటి తొలినాటి బోర్డులకు సైతం రైజెన్ 5000 శ్రేణిని అనుమతించింది. కాబట్టి బోర్డు మార్చకుండానే రైజెన్ 5 5600 పెట్టుకోవచ్చు. పాతదానిలాగే దీనికీ 6 కోర్లు, 12 థ్రెడ్లు (ఒకేసారి నడపగల పనులు), 65 వాట్లే. కానీ ఒక్కొక్క కోరు వేగంలో ఉన్న తేడా ఆట మొదలు పెట్టగానే తెలుస్తుంది. ఇంటెల్ వారి సంగతి ఇంత సులువు కాదు. ఏడవ తరం ప్రాసెసరు ఉన్న బోర్డు సాకెట్టు పేరు 1151. ఎనిమిదవ తరానిదీ అదే పేరు. ఆ పేరును నమ్మి ఎనిమిదవ తరం ప్రాసెసరు కొంటే పాత బోర్డు మీద అది పనిచేయదు. అటువంటి బోర్డు మీద చివరి మజిలీ ఐ7 7700 తరగతి, అంటే 4 కోర్లు. నా మటుకు నేను దానికి డబ్బు పెట్టను.

కొత్త ప్రాసెసరు కొనేముందు బోర్డు తయారీదారు వెబ్‌సైట్‌లో ఆ మోడల్‌కు ఇచ్చిన ప్రాసెసర్ల జాబితాను, దానికి ఏ బయాస్ (యంత్రాన్ని మొదట లేపే, బోర్డులోని ప్రోగ్రాము) కావాలో చూసుకోవాలి. పాత ప్రాసెసరు బోర్డు మీద ఉండగానే బయాస్‌ను మార్చుకోవాలి. ముందే ఊడదీస్తే కొత్తదానితో యంత్రం లేవదు. బయాస్ ఎక్కుతున్నప్పుడు కరెంటు పోతే బోర్డు పనికిరాకుండా పోయే ప్రమాదం ఉన్నది. ఎండాకాలంలో ఈదురుగాలి వచ్చిందంటే మన దగ్గర కరెంటు సంగతి చెప్పనక్కరలేదు కనుక, యూపీఎస్ లేని ఇంట్లో ఈ పని పెట్టుకోకూడదు.

ఏఎం4 ప్రాసెసర్లకు కాళ్లు, అంటే సన్నని పిన్నులు, అడుగు వైపున ఉంటాయి. ఏళ్లు గడిచి ఎండిపోయిన థర్మల్ పేస్టు (వేడిని కూలరుకు దాటించే పూత) కూలరును, ప్రాసెసరును అతికించి పట్టుకుంటుంది. కూలరును నిట్టనిలువుగా లాగితే గొళ్లెం వేసి ఉన్న ప్రాసెసరు కూడా దానితోపాటు ఊడివచ్చి, కాళ్లు వంగవచ్చు. పది నిమిషాలపాటు ఆట ఆడి యంత్రాన్ని వేడెక్కించి, ఆపి, ప్లగ్గు తీసి, కూలరును మెల్లగా ఎడమకు కుడికి తిప్పుతూ లేపాలి. కొత్త పేస్టు కందిగింజంత చాలు. ఎలాగూ విప్పినందుకు కూలరు రెక్కల మధ్య పేరుకున్న దుమ్మును కూడా దులపండి. వరంగల్‌లోని ఏనుమాముల మార్కెట్ వైపు ఇండ్లలోనైతే పత్తి నూగు కూడా చేరి ఉండవచ్చు. మే నెలలో 40 డిగ్రీలు దాటే ఊరిలో ఆ పొర తీయడమే సగం మరమ్మతు.

ఇక గ్రాఫిక్స్ కార్డు. 1080 తెర మీద ఆడేవారికి 8 జీబీ మెమరీ ఉన్న ఆర్‌ఎక్స్ 6600 సరిపోతుందని నా అభిప్రాయం. దానికి తమ్ముడిలా కనిపించే ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీని మాత్రం పాత బోర్డుకు తీసుకోవద్దు. మెమరీ 4 జీబీయే. పైగా అది బోర్డుతో నాలుగు లేన్ల (సమాచారం పోయే దారుల) మీద మాత్రమే మాట్లాడుతుంది. కార్డును బోర్డుకు కలిపే పీసీఐ ఎక్స్‌ప్రెస్ పాత 3.0 రకంగా ఉన్న బీ350 మీద ఆ దారి ఇంకా ఇరుకై వేగం పడిపోతుంది. ఆట రికార్డు చేసి వీడియోలు పెట్టేవారికి కావలసిన ఎన్‌కోడర్ కూడా అందులో లేదు.

యంత్రానికి కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ గురించి దుకాణంలో ఎవరూ అడగరు, మనమే అడగాలి. 1050 టీఐ కార్డు 75 వాట్లతో స్లాటు నుంచే నడిచేది కనుక, దానితోపాటు వచ్చిన ఎస్‌ఎంపీఎస్ పేరులేనిదై ఉండవచ్చు, దానికి 8 పిన్నుల తీగ కూడా ఉండకపోవచ్చు. ఆర్‌ఎక్స్ 6600కు 132 వాట్లు కావాలి, ఆ తీగా కావాలి. హార్డ్‌డిస్కు తీగకు అడాప్టరు తగిలించి నడిపిస్తామనే మాట వినవద్దు. ఆ తీగలు కాలిపోవచ్చు. నమ్మకమైన తయారీదారు 450 లేదా 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్‌కు ముందుగా డబ్బు పక్కన పెట్టి, మిగిలినదానితో కార్డు చూడాలి.

సెకండ్ హ్యాండ్ కార్డు కోసం సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ దాకా పోయేవారు ఉన్నారు. 2022 సెప్టెంబరులో ఎథీరియం అనే క్రిప్టో కరెన్సీ తన పద్ధతి మార్చుకున్నాక, మైనింగ్‌లో (ఆ కరెన్సీని సంపాదించే లెక్కలలో) రాత్రింబవళ్లు నడిచిన కార్డులు పాత మార్కెట్లోకి వచ్చాయి. మైనింగ్ కార్డు అనగానే పారేయవలసిందేమీ కాదు, ఫ్యాన్లు అరిగి ఉండవచ్చు. అంతకన్నా పెద్ద మోసం పేర్లలో ఉన్నది: ఆర్‌ఎక్స్ 580 అని అమ్మేవాటిలో 2048 ఎస్‌పీ అనే రకం కలుస్తుంది. అసలు 580లో 2304 షేడర్లు (బొమ్మను లెక్కగట్టే చిన్న విభాగాలు) ఉంటాయి. ఆ 2048 రకం ఆర్‌ఎక్స్ 570 స్థాయిది. అమ్మేవారి ఎదుటనే కార్డు వివరాలు చూపే జీపీయూ జెడ్ ప్రోగ్రామును తెరిచి ఆ సంఖ్యను చూడండి, పదిహేను ఇరవై నిమిషాలు బరువైన పరీక్ష నడిపించి తెర మీద చుక్కలు, గీతలు వస్తున్నాయేమో చూడండి. దానికి ఒప్పుకోని వారి దగ్గర కొనకపోవడమే మేలు.

ర్యామ్ విషయం చిన్నదే. ఒక్క 8 జీబీ స్టిక్కు ఉన్నచోట రెండవది చేర్చి, బోర్డు పుస్తకంలో చూపిన జత స్లాటుల్లో పెట్టి, బయాస్‌లో ర్యామ్‌ను దాని అసలు వేగంతో నడిపించే ఎక్స్‌ఎంపీ ఆన్ చేస్తే, రైజెన్ యంత్రాలకు అది బాగా పనికివస్తుంది.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఇచ్చే మామూలు మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. విండోస్ 11 ఆమోదించిన జాబితాలో రైజెన్ 5 1600 లేదు, 5600 ఉన్నది. ప్రాసెసరు మార్చాక మొదటిసారి ఆన్ చేసినప్పుడు రహస్య తాళాలను దాచే ఎఫ్‌టీపీఎమ్‌ను రీసెట్ చేయమంటారా అని బోర్డు అడగవచ్చు. డిస్కుకు విండోస్ తాళమైన బిట్‌లాకర్ ఉన్నవారు దాని రికవరీ కీని ముందే కాగితం మీద రాసిపెట్టుకోవాలి. ఆ తరువాత తెర వెలగకపోతే కంగారు పడకుండా వెనుక వైపు చూడండి. 5600లో సొంత గ్రాఫిక్స్ లేదు కాబట్టి హెచ్‌డీఎంఐ తీగను బోర్డుకు కాక, కింద ఉన్న కార్డుకు పెట్టాలి.