హెచ్ఆర్‌కి చెప్పినంత మాత్రాన ఫిర్యాదు ఇచ్చినట్టు కాదు

నమస్కారం. ఆఫీసులో మేనేజర్ వెకిలి మాటలు మాట్లాడినా, అర్ధరాత్రి మెసేజ్‌లు పెట్టినా, పని నెపంతో మీద చేయి వేసినా, మన అమ్మాయిలు చాలామంది ముందు వెళ్లేది హెచ్ఆర్ మేడం దగ్గరికే. ఆవిడ "నేను చూసుకుంటాను, నువ్వు టెన్షన్ పడకు" అంటారు. నెలలు గడిచిపోతాయి. ఏమైందని అడిగితే "నువ్వు ఫిర్యాదు ఇవ్వలేదు కదమ్మా" అంటారు. వినడానికి ఒళ్లు మండుతుంది గానీ, చట్టం ప్రకారం ఆ మాట నిజం.

పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టం, ఇలాంటి ఫిర్యాదులు విచారించే కమిటీకి ఫిర్యాదు రాసి ఇవ్వాలంటుంది. అదీ మూడు నెలల్లోపు. వేధింపు పదేపదే జరుగుతుంటే, చివరిసారి జరిగిన రోజు నుంచి లెక్క. ఆలస్యానికి సరైన కారణం ఉంటే కమిటీ ఇంకో మూడు నెలల వరకు గడువు పెంచవచ్చు. రాయడం రాకపోతే రాయించే బాధ్యత కూడా కమిటీదే. ఆరు కాపీలు ఇవ్వాలి, సాక్షులుంటే వాళ్ల పేర్లు జతచేయాలి. మీ కాపీ మీద "అందింది" అని తేదీతో సంతకం పెట్టించుకోండి. మెయిల్‌లో పంపితే మీ సొంత మెయిల్‌కి కూడా ఒక కాపీ పెట్టుకోండి. ఉద్యోగం మానేసిన రోజే ఆఫీసు మెయిల్ ఆగిపోతుంది, అందులో దాచుకున్నవన్నీ దానితో పాటే పోతాయి.

మెసేజ్‌లు చూస్తే అసహ్యమేస్తుంది, డిలీట్ చేసేయాలనిపిస్తుంది. చేయకండి. నంబరు, తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. జరిగిన రోజే ఎక్కడ, ఎన్నింటికి, ఎవరున్నారు అన్నది నాలుగు లైన్లు రాసుకోండి. సీసీ కెమెరా ఉన్న చోటయితే ఆ రికార్డింగ్ భద్రపరచమని ఫిర్యాదులోనే అడగండి. కొన్ని రోజులు పోతే పాతవాటి మీద కొత్తవి రికార్డయిపోతాయి.

మన వైజాగ్‌లో గాజువాక నుంచి దువ్వాడ సెజ్‌కి (ప్రత్యేక ఆర్థిక మండలికి) వెళ్లే కంపెనీ బస్సులో జరిగితే ఆఫీసుకేం సంబంధం అంటారు కొందరు. సంబంధం ఉంది. యాజమాన్యం ఏర్పాటు చేసిన వాహనం కూడా పనిచేసే చోటే.

ఇక ఇది రుషికొండ ఐటీ కంపెనీల చట్టం, మనలాంటివాళ్లకి కాదు అనుకునేవాళ్లకి ఒక మాట. ఈ చట్టానికి మూలం రాజస్థాన్‌లో ఒక పల్లె. అక్కడ ప్రభుత్వం తరఫున పనిచేసే భన్వరీదేవి బాల్యవివాహాన్ని ఆపబోయినందుకు 1992లో ఆమె మీద సామూహిక అత్యాచారం జరిగింది. ఆ ఘటన తర్వాత వేసిన కేసులోనే 1997లో సుప్రీంకోర్టు, పనిచేసే చోట లైంగిక వేధింపులు ఆపడానికి విశాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ పేరు మన ఊరిది కాదు, కేసు వేసిన సంస్థది.

అందుకే జగదాంబ దగ్గర బట్టల షాపులో సేల్స్‌గర్ల్‌కీ, ఎంవీపీ కాలనీ అపార్ట్‌మెంట్‌లో ఇంటిపని చేసే ఆవిడకీ ఇది వర్తిస్తుంది. పది మంది, అంతకంటే ఎక్కువ పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి. దానికి సీనియర్ మహిళ అధ్యక్షత వహించాలి, సభ్యుల్లో కనీసం సగం మంది ఆడవాళ్లు, ఒకరు బయటి వ్యక్తి. కమిటీ వేయకపోతే యాభై వేల దాకా జరిమానా. అద్దాల బిల్డింగు కట్టినవాళ్లకి యాభై వేలు ఏ మూలకని నా బాధ.

పది మంది లేని చోటైనా, వేధించేది యజమానే అయినా జిల్లా స్థాయి కమిటీకి వెళ్లాలి. కలెక్టరేట్‌లోనో, మహిళా శిశు సంక్షేమ శాఖ జిల్లా ఆఫీసులోనో అడగండి. ఇక్కడ చాలామంది ఒకచోట తికమకపడతారు. పరవాడ ఫార్మా సిటీ, అచ్యుతాపురం సెజ్ 2022 నుంచి అనకాపల్లి జిల్లాలో ఉన్నాయి. మీ ఇల్లు వైజాగ్‌లో ఉన్నా, అక్కడ పనిచేస్తే ముందు అనకాపల్లిలో అడగండి.

ఇప్పుడు అన్నిటికంటే కష్టమైన భాగం, రాజీ. ఫిర్యాదు వెళ్లిన మర్నాటికే ఒక పెద్దమనిషి వస్తాడు. "ఏటమ్మా, ఇంత చిన్నదానికి ఇంత రాద్ధాంతమా? ఆయనకీ పెళ్లాం పిల్లలున్నారు. నీకు పెళ్లి కావాల్సి ఉంది." ఆ తర్వాత ఒక సారీ, ఒక కాగితం, ఒక సంతకం. ఆ సంతకం పెట్టే ముందు తెలుసుకోండి. రాజీ ప్రయత్నం మీరు అడిగితేనే జరగాలి, కమిటీ తనంతట తాను పెట్టకూడదు. డబ్బు ప్రాతిపదికన రాజీ కుదర్చకూడదు. కమిటీ ముందు రాజీ కుదిరిందంటే ఇక విచారణ ఉండదు, అతను ఆ షరతులు తప్పితేనే మళ్లీ మొదలవుతుంది.

ఇంకో ఎత్తు కూడా ఉంది. "నీ మంచికే" అంటూ ఆమెనే వేరే బ్రాంచ్‌కి పంపేస్తారు, అతను అదే కుర్చీలో ఉంటాడు. బదిలీ మీరు రాతపూర్వకంగా అడిగితే ఇచ్చే సాయం, మీకు వేసే శిక్ష కాదు. అతన్ని మార్చమని కూడా అడగవచ్చు. మీకున్న సెలవులు కాకుండా మూడు నెలల దాకా అదనపు సెలవు అడగవచ్చు. మీ పనితీరు రిపోర్టు అతను రాయకుండా ఆపమని అడగవచ్చు. ఇది మాత్రం మర్చిపోకండి, పగ తీర్చుకునేది ఎక్కువగా అక్కడే.

"నిరూపించలేకపోతే నీ మీదే కేసు" అని భయపెడతారు. కావాలని అబద్ధపు ఫిర్యాదు ఇచ్చినట్టు విచారణలో తేలితేనే చర్య. రుజువు చాలకపోవడం అబద్ధం కిందికి రాదని చట్టంలోనే రాసి ఉంది. విచారణ 90 రోజుల్లో ముగియాలి. కమిటీ ముందుకి లాయర్లను తెచ్చుకునే వీలు ఇద్దరికీ లేదు.

కమిటీకి ఇచ్చాం కాబట్టి పోలీసుల దగ్గరికి వెళ్లకూడదనేం లేదు. భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన నేరాల చట్టం) 75వ సెక్షన్ కింద, మీద చేయి వేయడం, కోరిక తీర్చమని అడగడం లాంటివాటికి మూడేళ్ల దాకా, అసభ్యపు మాటలకి ఏడాది దాకా జైలు. మీరు కేసు పెట్టాలనుకుంటే సాయం చేయడం యాజమాన్యం బాధ్యత. "కంపెనీ పరువు పోతుంది, స్టేషన్‌కి వెళ్లొద్దు" అని ఎవరైనా అంటే 2013 చట్టం 19వ సెక్షన్ ప్రింట్ తీసి బల్ల మీద పెట్టండి.