ఆరు గంటల కిందటి నకలుతో డేటాబేస్‌ను నిలబెట్టిన వైనం

సభకు నమస్కారం. పెద్ద వైఫల్యం తర్వాత మనుషులే కూర్చుని బ్యాకప్ నుంచి సర్వర్‌ను నిలబెట్టుకోవలసి వస్తే ఎలా ఉంటుందో చెప్పడానికి, ప్రోగ్రామర్లు కోడ్‌ను దాచుకుని పంచుకునే వెబ్‌సైటు గిట్‌ల్యాబ్‌లో 2017 జనవరి 31న జరిగిన సంఘటనను తీసుకుంటున్నాను. ఆ సంస్థ వివరాలన్నీ దాచకుండా తానే ప్రచురించింది గనుక మనకు ఊహలతో పని లేదు.

ఆ రాత్రి డేటాబేస్‌పై భారం పెరిగి, ప్రధాన సర్వర్‌కు నకలుగా ఉండే రెండో సర్వర్ వెనకబడిపోయింది. దాన్ని మొదటి నుంచి నింపడానికి ఇంజినీరు పీజీ బేస్‌బ్యాకప్‌ను (పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌ను మొత్తంగా నకలు తీసే ప్రోగ్రామును) నడిపితే, అది ఏ సందేశమూ ఇవ్వకుండా ఊరకే ఉండిపోయింది. ప్రధాన సర్వర్ కోసం ఎదురుచూస్తున్నానన్న ముక్క ఆ ప్రోగ్రాము తెరమీద చెప్పలేదు మరి! పాత ఫైళ్లు అడ్డుపడుతున్నాయనుకుని ఆ ఇంజినీరు రెండో సర్వర్‌లోని డేటా డైరెక్టరీని తుడిచేయబోయారు, కానీ ఆదేశం పడింది ప్రధాన సర్వర్‌లో. ఒకటి రెండు సెకన్లలోనే ఆపేసినా, సుమారు 300 గిగాబైట్లలో మిగిలింది 4.5 గిగాబైట్లే.

అమెజాన్ వారి ఆన్‌లైన్ నిల్వ ఎస్3లో ఉండాల్సిన పీజీ డంప్ బ్యాకప్‌ల (డేటాబేస్‌లోని డేటాను ఫైలుగా తీసిన ప్రతుల) కోసం వెతికితే అక్కడ ఏమీ లేదు. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ 9.6 వెర్షన్‌ది, డంప్ తీసే ప్రోగ్రాము 9.2ది కావడంతో ఆ పని ప్రతిసారీ విఫలమవుతూ వచ్చింది. ఆ సంగతి చెప్పే మెయిళ్లు కూడా, పంపింది అసలు వారేనా అని చూసే డీమార్క్ తనిఖీలో తిరస్కరణకు గురై ఎవరికీ చేరలేదు. నా మటుకు ఈ ఉదంతంలో అసలు ప్రమాదం ఇదే, ఆ రాత్రి జరిగిన తుడిచివేత కాదు. అజూర్ (మైక్రోసాఫ్ట్ క్లౌడ్) తీసే డిస్క్ స్నాప్‌షాట్లనైతే, అంటే డిస్కు ఆ క్షణాన ఉన్నదున్నట్టు తీసే నకళ్లనైతే, డేటాబేస్ సర్వర్లకు అసలు పెట్టనేలేదు.

చివరికి ఆదుకున్నది, ఆరు గంటల ముందు వేరే పరీక్ష కోసం తీసి స్టేజింగ్ సర్వర్‌లో (ప్రయోగాలకు వాడే సర్వర్‌లో) ఎక్కించిన ఎల్‌వీఎం స్నాప్‌షాట్, అంటే లినక్స్ డిస్కు నిర్వహణ పద్ధతితో తీసిన నకలు. స్టేజింగ్ డిస్కులు నెమ్మదివి కావడంతో డేటా అక్కడి నుంచి చుక్కచుక్కగా వచ్చింది. పునరుద్ధరణకు దాదాపు 18 గంటలు పట్టగా, ఆ పనిని యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా చూపించారు. పైగా స్టేజింగ్‌కు డేటా తెచ్చేటప్పుడు వెబ్‌హుక్‌లను (ఏదైనా జరగగానే బయటి సైట్లకు కబురు పంపే అమరికలను) తీసేసేవారు గనుక వాటి సంగతి విడిగా చూసుకోవలసి వచ్చింది.

సైట్‌ను తెరిచే ముందు చేసిన ఒక పని నాకు బాగా నచ్చింది. డేటాబేస్‌లోని వరుస సంఖ్యలన్నింటినీ 1,00,000 చొప్పున ముందుకు జరిపారు. లేకపోతే పోయిన ఆరు గంటల్లో ఒకరికి కేటాయించిన ఐడీ మళ్లీ మరొకరికి వెళ్లే ప్రమాదం ఉంది. కోడ్ రిపాజిటరీలు వేరేచోట ఉండడంతో వాటికి నష్టం జరగలేదు గానీ, సుమారు 5,000 ప్రాజెక్టుల వివరాలు, 5,000 వ్యాఖ్యలు, 700 కొత్త ఖాతాలు పోయాయి.

తర్వాత ఏ సర్వర్‌లో ఉన్నామో చూడగానే తెలిసేలా టెర్మినల్ ప్రాంప్ట్‌లను (ఆదేశం టైపు చేసే చోట ముందు కనిపించే అక్షరాలను) మార్చడానికి, బ్యాకప్‌లను తీసినంతటితో వదలకుండా తిరిగి ఎక్కించి పరీక్షించడానికి పనులు చేపట్టారు. డేటా భద్రతకు ప్రత్యేకంగా ఒక బాధ్యుడిని కూడా నియమించుకున్నారు.